కడలి దారి యిచ్చు వేళ

విశాఖపట్టణమునందో, కాకినాడయందో సముద్రపు టొడ్డున కొంతసేపు కూర్చుండి చూచినవారికి ఒక సంగతి తెలియును. ఉదయమున తడి యిసుకపై పడిన పాదముద్ర మధ్యాహ్నమునకు నీట మునిగిపోవును. మరికొన్ని గంటలకు నీరు వెనుకకు తగ్గి ఆ యిసుక మరల బయటపడును. నీరు పైకి వచ్చుటను పోటు అనియు, వెనుకకు తగ్గుటను ఆటు అనియు అందురు. ఆంధ్రతీరమున ఈ రెంటికిని గల భేదము సామాన్యముగా ఒకటి రెండు మీటర్లను మించదు. నదీముఖములలో పడవలు నడుపు బెస్తవారు పోటు చూచి లోనికి వత్తురు. ఆటు చూచి బయటికి పోవుదురు. తక్కినవారికి దానితో అంతగా పనిలేదు.

కాని భూగోళమున మరియొక మూల, ఈ ఆటుపోటులే మనుష్యుల దినచర్యను నిర్ణయించు తీరమొకటి కలదు. అది కెనడా దేశపు తూర్పు కొననున్న ఫండీ అఖాతపు తీరము. ఈ అఖాతమునకు ఉత్తరమున, పడమట న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రమును, దక్షిణమున, తూర్పున నోవా స్కోషియా రాష్ట్రమును కలవు. దీని లోపలి కొనలలో నీరు ఆటు మట్టమునుండి పోటు మట్టమునకు 16 మీటర్ల వరకు లేచును. అది అయిదంతస్తుల మేడ యెత్తు. ఇంత యెత్తు లేచుటకు పట్టు కాలము ఆరు గంటలకు కొంచె మెక్కువ. తిరిగి తగ్గుటకును అంతే కాలము పట్టును. ప్రపంచమునందలి మిక్కిలి యెత్తైన పోటులలో ఇవి లెక్కింపబడుచున్నవి. మన దేశమున గుజరాత్ రాష్ట్రపు ఖంభాత్ సింధుశాఖలో పోటు మిక్కిలి యెక్కువగా వచ్చుననుట ప్రసిద్ధము. అచ్చట సయితము అది పది మీటర్ల ప్రాంతమున నిలిచిపోవును.

ఈ అఖాతము చుట్టును మంచి రహదారులు కలవు. వేసవిలో వేలకొలది జనులు కార్లలో బయలుదేరి, అడవులను, ఎఱ్ఱని కొండచరియలను, పల్లెరేవులను చూచుచు తీరమువెంట ప్రయాణము చేయుదురు. కారున్నవాడు తాను తలచిన వేళకు బయలుదేరి, తాను తలచిన చోట ఆగవచ్చునని అందరును భావింతురు. ఫండీ తీరమున ఆ స్వాతంత్ర్యము పూర్తిగా చెల్లదు. ఇచ్చట సముద్రము దారి యిచ్చు వేళలు కొన్ని, ఇయ్యని వేళలు కొన్ని. వాటిని తెలిసికొని నడచువానికి ఈ ప్రయాణము ఆనందదాయకము, తెలియనివానికి అపాయకరము.

ఆటుపోటులకు ముఖ్యకారణము చంద్రుని ఆకర్షణ. సూర్యుని ఆకర్షణయు దానికి తోడగును. అమావాస్యకును, పూర్ణిమకును సూర్యచంద్రులు భూమితో దాదాపు ఒకే వరుసలో నుందురు. అప్పుడు ఇరువురి బలమును కలిసి పోటు హెచ్చును. అష్టమినాటికి వారి బలములు వేరువేరు దిక్కులకు పనిచేయుటచే పోటు తగ్గును. ఒక పోటునకును తరువాతి పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు గడచును. అందుచేత నేడు ఉదయము ఎనిమిది గంటలకు వచ్చిన పోటు రేపు దాదాపు తొమ్మిది గంటలకు వచ్చును. ఈ నియమము భూమిమీది సముద్రముల కన్నిటికిని చాలవరకు సమానమే. మరి ఫండీయందు మాత్రము నీరు ఇంత యెత్తు లేచుటకు కారణమేమి?

ఉయ్యాల నూపు పిల్లవాని చూచినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. ఉయ్యాల వెనుకకు వచ్చి ముందునకు తిరుగు సమయమును కనిపెట్టి త్రోసినయెడల, చిన్న త్రోపునకే అది నానాటికి ఎత్తు పెరిగినట్లు ఊగును. వేళ తప్పి త్రోసినచో ఎంత బలము ప్రయోగించినను ఊగదు. తొట్టిలోని నీటికిని ఇట్టి ఊపు కలదు. తొట్టి పొడవును, లోతును బట్టి నీరు ఒక కొననుండి రెండవ కొనకు పోయి తిరిగి వచ్చుటకు నియతమైన కాలము పట్టును. ఫండీ అఖాతమును, దాని మొగదలనున్న మెయిన్ సింధుశాఖయు కలిసి అట్టి పెద్ద తొట్టియే. అందలి నీరు సహజముగా ఒకసారి ఊగుటకు పట్టు కాలము సుమారు 13 గంటలు. మహాసముద్రపు పోటు దానిని 12 గంటల 25 నిమిషములకొకసారి త్రోయుచుండును. త్రోపును, ఊపును ఇంచుమించుగా సరిపోవుటచే ఊపు పెరిగిపోవును. దీనికి తోడు అఖాతము లోనికి పోయినకొలదియు ఇరుకై, లోతు తగ్గి, గరాటువలె నుండును. ప్రక్కలకు పోవుటకు చోటులేని నీరు పైకి లేచును. ఒక్కొక్క పోటుతో ఈ అఖాతములోనికి వచ్చు నీరు పదివేల కోట్ల టన్నులకు మించునని లెక్కవేసియున్నారు.

ఈ తీరపు ఆదిమవాసులైన మిక్మాక్ జనులు ఇదే సంగతిని ఒక కథగా చెప్పుకొందురు. వారి పురాణవీరుడు గ్లూస్కాప్ మహాకాయుడు. అతడు స్నానము చేయదలచి, అఖాతపు ముఖమున ఆనకట్ట కట్టుమని బీవరు అను జంతువును ఆజ్ఞాపించెనట. నీరు నిలిచిపోవుటచే తిమింగిలమునకు కోపము వచ్చెను. అది తన పెద్ద తోకతో ఆ కట్టను బ్రద్దలు కొట్టెను. ఆనాడు కదలిన నీరు నేటివరకును ముందునకు వెనుకకు ఊగుచునే యున్నదట. తొట్టిలోని నీరు ఊగినట్లు అఖాతము ఊగుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుటకు ఎంతో ముందే ఈ కథ పుట్టినది. ప్రతిదినమును ఆ నీటిని కనిపెట్టి బ్రదికిన జనులు దాని స్వభావమును చక్కగా పోల్చుకొనిరి.

ఈ తీరయాత్రను న్యూ బ్రన్స్‌విక్ నైరుతి మూలనున్న సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణమునుండి ప్రారంభింపవచ్చును. అచ్చట ఒక వీధి తిన్నగా సముద్రములోనికి పోయి అంతమగును. పోటువేళ ఆ వీధి చివర నిలిచి చూచినచో ఎదుట నీరును, నీటి కావల ఒక దీవియు కనబడును. దాని పేరు మినిస్టర్స్ ఐలండ్. వంతెన లేదు. కొన్ని గంటల తరువాత మరల వచ్చి చూచినవాడు తన కన్నులను తానే నమ్మజాలడు. నీరు తొలగి, గులకరాళ్ళతో గట్టిపడిన తిన్నె యొకటి తేలి, దానిపై దీవివరకు సుమారు ఒక కిలోమీటరు పొడవున బాట యేర్పడియుండును. అంతకుముందు చేపలు తిరిగిన చోట కార్లు వరుసగా సాగిపోవుచుండును. ఇరుప్రక్కల సముద్రపు నాచు తడితడిగా మెరయుచుండును.

ఈ దీవిపై సర్ విలియం వాన్ హోర్న్ అను ఆయన వేసవి గృహము కట్టుకొనెను. కెనడా దేశమును ఈ కొననుండి ఆ కొనవరకు కలిపిన కెనడియన్ పసిఫిక్ రైలుమార్గపు నిర్మాణమును నడిపించి, పిమ్మట ఆ సంస్థకు అధ్యక్షుడైన మహాదక్షుడాయన. దేశమంతటను రైలుబండ్ల వేళలను శాసించిన ఆయన సయితము తన యింటికి బండిలో పోవుటకు మాత్రము సముద్రపు వేళకు లోబడవలసి వచ్చెను. నేడును దీవికి పోవువారు ముందుగా పోటుల పట్టిక చూచుకొందురు. చెప్పిన వేళకు తిరిగి రానివాడు మరల ఆటు వచ్చువరకు అచ్చటనే యుండవలెను. నీరు తొలిగా కప్పుచున్నప్పుడు కొంచెమే కదా యని కారును దింపుట మహాప్రమాదము. మొదట చక్రములకు తగులు నీరు కొద్దిసేపటిలో కారు పైకప్పును దాటిపోవును.

పంచాంగము చూడక శుభకార్యము తలపెట్టనివారు మన దేశమున నున్నట్లే, పోటుల పట్టిక చూడక గడప దాటనివారు ఈ తీరమున నుందురు. ప్రతి రేవునకును ఏ దినమున ఏ వేళకు నీరెంత యెత్తు వచ్చునో గణించి ప్రభుత్వము ముందుగానే ప్రకటించును. రేవులలోని పనులు, పడవల రాకపోకలు, యాత్రికుల నడక యన్నియు దానిని బట్టియే జరుగును.

అచ్చటినుండి తూర్పుగా సుమారు నూరు కిలోమీటర్లు పోయినచో సెయింట్ జాన్ నగరము వచ్చును. 1604వ సంవత్సరము జూన్ 24వ తేదీన ఫ్రెంచి నావికుడు శాంప్లేన్ ఇచ్చటి నదీముఖమునకు వచ్చెను. ఆ దినము సెయింట్ జాన్ పండుగ యగుటచే నదికి ఆ పేరే కలిగినది. నగరపు నడుమ ఈ నది ఇరుకైన రాతి కనుమగుండా సముద్రమున పడును. కనుమ అడుగున నీటిలో దాగిన రాతిమెట్లు కలవు. ఆటువేళ నదిమట్టము రేవుమట్టముకంటె నాలుగు మీటర్లకు పైగా ఎత్తున నుండును. నది నురుగులు క్రక్కుచు సముద్రములోనికి దూకును. పోటువేళ రేవుమట్టమే అంత యెత్తునకు లేచును. అప్పుడు సముద్రము నదిని వెనుకకు త్రోయును. జలపాతము ఎగువదిక్కునకు ప్రవహించును. అందుకే దీనికి తిరుగు జలపాతమని పేరు. రెండు బలములును సమానమైనప్పుడు, ఇంచుమించు ఇరువది నిమిషములపాటు, నీరు చెరువువలె నిశ్చలముగా నుండును. పడవలు కనుమను దాటుటకు అదియే సమయము. పడవవారు ఎగువను, దిగువను కాచుకొనియుండి ఆ కొద్దిసేపటిలోనే దాటిపోవుదురు.

సెయింట్ జాన్ దాటిన పిమ్మట రహదారి దట్టమైన అడవులలోనికి చొచ్చును. సెయింట్ మార్టిన్స్ అను పల్లెయొద్ద ఎఱ్ఱని ఇసుకరాతి కొండలో సముద్రము తొలిచిన గుహలు కలవు. ఆటువేళ జనులు వాటిలోనికి నడచిపోవుదురు. పోటువేళ అచ్చటికి పడవలలోనే పోవలెను. మరికొంత దూరమున 1948లో ఏర్పడిన ఫండీ జాతీయవనమును, దాని యంచున ఆల్మా అను బెస్తపల్లెయు కలవు. ఆల్మా రేవును ఆటువేళ చూచినవారికి నవ్వు వచ్చును. రేవుకట్ట ప్రక్కన చేపల పడవలు నీరులేని బురదపై కూర్చుండి, అమ్మవారి జాతరలో అలసిపోయిన బండ్లవలె నుండును. ఆరు గంటలలో నీరు వచ్చి వాటి నన్నిటిని కట్టపై అంచువరకు లేపును. అప్పుడు బెస్తలు లాబ్‌స్టరు అను పెద్ద రొయ్యజాతిని పట్టుటకై బయలుదేరుదురు. వారికి పగలు రాత్రి యను భేదము కంటె పోటు ఆటు అను భేదమే ముఖ్యము.

ఆల్మాకు ఉత్తరముగా హోప్‌వెల్ శిలలు కలవు. ఈ తీరమునకు వచ్చినవారందరును వీటిని చూడకపోరు. గులకరాళ్ళును, ఇసుకయు కలిసి గట్టిపడిన కొండ యొకటి యుండెను. దాని పగుళ్ళలో వాననీరును, మంచును పైనుండి పనిచేసినవి. పోటునీరు అడుగున కోసినది. కొండనుండి విడివడి ఒంటరి స్తంభములు నిలిచినవి. ఇవి 12 మొదలు 21 మీటర్ల వరకు ఎత్తు కలవి. అడుగున సన్నమై, పైన వెడల్పై, తలపై చెట్లు మొలచి, పూలకుండీలవలె నుండును. ఆటువేళ యాత్రికులు మెట్లు దిగి సముద్రపు అడుగున ఈ స్తంభముల నడుమ నడతురు. పోటువేళ వాటి తలలు మాత్రము చిన్న దీవులవలె నీటిపై నిలిచియుండును. వాటి నడుమ చిన్న పడవలు తిరుగుచుండును. సామాన్యముగా ఆటునకు మూడు గంటల ముందునుండి మూడు గంటల తరువాతవరకు మాత్రమే క్రింద నడచుటకు వీలుండును. నడిమి గంటలలో నీరు గంటకు రెండు మీటర్లకు పైగా లేచును. ఒక మలుపుకావల శిలను చూచుటలో మైమరచినవాడు తిరిగి చూచునప్పటికి మెట్లకు పోవు దారి మునిగియుండవచ్చును. అందుచేత కావలివారు పోటు రాకమునుపే యాత్రికులను పైకి పంపివేయుదురు.

ఈ శిలలును శాశ్వతములు కావు. వానిలో ఏనుగు శిల యనునది మిక్కిలి ప్రసిద్ధమైనది. రాష్ట్రప్రభుత్వపు వైద్యసహాయపు కార్డుపై సయితము దాని బొమ్మ యుండెను. 2016 మార్చి నెలలో ఒకనాడు దానిలో పెద్దభాగము విరిగి కూలిపోయెను. అయినను ఆ కొండను నీరు ఇంకను కోయుచునే యున్నది. నేటి కొండచరియలనుండి రేపటి శిలలు విడివడుచుండును.

హోప్‌వెల్‌నుండి కొద్ది దూరమున మాంక్టన్ నగరము కలదు. ఇచ్చట ప్రవహించు పెటికోడియాక్ నది బురదతో గోధుమవన్నె కలిగియుండును. పోటు నదిలో ప్రవేశించునప్పుడు నీరు ఒక గోడవలె లేచి, దిగువకు పారు నదికి ఎదురుగా, ఒడ్డునుండి ఒడ్డువరకు ఒకే కెరటమై ఎగువకు వచ్చును. దీనిని పోటుకెరటమందురు. ఈ వింతను చూచుటకు పూర్వము జనులు నది యొడ్డున గుమికూడెడివారు. 1968లో నదికి అడ్డముగా రాకపోకలకై ఒక కట్ట నిర్మింపబడెను. కార్లకు దారి దొరకినది. కాని సముద్రమునకు దారి మూసికొనిపోయినది. పోటు తెచ్చిన ఒండ్రు కట్ట దిగువ పేరుకొని నది ఇరుకైపోయెను. గ్రుడ్లు పెట్టుటకు ఎగువకు పోవు చేపలకు మార్గము లేకపోయెను. ఒకప్పుడు మనిషి నడుము దాటిన పోటుకెరటము చిన్న అలగా క్షీణించెను.

ఈ పొరపాటును దిద్దుటకు ఎన్నో యేండ్లు వాదోపవాదములు జరిగినవి. కట్ట ఎగువ నిలిచిన సరస్సు పోవునని కొందరు వలదనిరి. నది చచ్చిపోవుచున్నదని మరికొందరు పట్టుబట్టిరి. తుదకు 2010 ఏప్రిల్‌లో తూముల తలుపులు ఎత్తివేయబడెను. 2021లో కట్టకు మారుగా వంతెన సిద్ధమయ్యెను. నది తన దారిని తాను మరల వెడల్పు చేసికొనెను. పోటుకెరటము తిరిగి వచ్చెను. 2013లో పలకలపై నిలిచి అలలపై స్వారి చేయు క్రీడాకారులు ఆ ఒక్క కెరటముపైననే 29 కిలోమీటర్లు పోగలిగిరి. పోటును అడ్డగించిన కట్ట నలుబది యేండ్లు నిలువగలిగినది కాని, దానితో నది నిలువలేకపోయినది.

మాంక్టన్‌నుండి తూర్పునకు పోవు దారిలో, ఆటువేళ కిలోమీటర్లకొలది బురద మైదానములు బయటపడును. చూచుటకు అవి వట్టి బీళ్ళవలె నుండును. కాని ఆ బురదలో బియ్యపుగింజంత రొయ్యపురుగులు లెక్కలేనన్ని జీవించుచుండును. జూలై చివరనుండి ఆగస్టువరకు ఉత్తరధ్రువ ప్రాంతములనుండి చిన్న ఉల్లంకిపిట్టలు లక్షలకొలది ఇచ్చట దిగును. ఒక్కొక్క పిట్ట వచ్చునప్పుడు ఇరువది గ్రాములు తూగును. రెండు మూడు వారములు ఆ పురుగులను తిని దాదాపు రెట్టింపు బరువగును. పిమ్మట ఎచ్చటను ఆగక, మూడు నాలుగు దినములు సముద్రముపై ఎగిరి దక్షిణ అమెరికా తీరమును చేరును. పోటు వచ్చినప్పుడు ఈ పిట్టలు ఒడ్డుననున్న సన్నని గులకరాళ్ళ పట్టెపై ఒత్తిగా కూర్చుండి విశ్రమించును. ఆ వేళ ఎవరైనను దగ్గరకు పోయి వాటిని బెదరించినచో, అవి లేచి ఎగిరి, కూడబెట్టుకొన్న బలమును వ్యర్థము చేసికొనును. ఆ బలము తగ్గిన పిట్ట సముద్రము దాటలేకపోవచ్చును. అందుచేత తెలిసినవారు దూరముననే నిలిచి చూతురు.

అచ్చటికి దగ్గరనే షిగ్నెక్టో అను సన్నని భూసంధి రెండు రాష్ట్రములను కలుపుచున్నది. రహదారి ఈ భూసంధిమీదుగా నోవా స్కోషియాలో ప్రవేశించును. ఇరుప్రక్కల కనుచూపుమేర గడ్డిమైదానములు. వీటిలో చాలభాగము ఒకప్పుడు పోటునీట మునుగు చవిటినేల. దీనిని సాగుభూమిగా మార్చినవారు అకేడియనులు. వీరు పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన రైతులు. వారు అడవులు నరుకుటకు మారుగా సముద్రమునుండియే నేలను సంపాదింపదలచిరి. ఆటువేళ గడ్డివేళ్ళతో కూడిన మట్టిపెడ్డలను కోసి కట్టలు పోసిరి. కట్ట అడుగున కొయ్యతూము నుంచి, అందులో ఒకవైపునకు మాత్రమే తెరచుకొను తలుపు వ్రేలాడగట్టిరి. ఆటువేళ లోపలి వాననీరు తలుపును త్రోసికొని బయటికి పోవును. పోటువేళ సముద్రపు నీరే ఆ తలుపును నొక్కి మూసివేయును. కాపలావాడు అక్కరలేదు; శత్రువే తలుపు మూయును. రెండు మూడు సంవత్సరముల వానలకు ఉప్పంతయు కడుగుకొనిపోయి నేల సారవంతమగును. గ్రాన్‌ప్రే అను గ్రామముచుట్టు ఇట్టి పొలములు నేటికిని పండుచున్నవి. 2012లో యునెస్కో ఈ ప్రదేశమును ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించెను.

ఆ నేలను సృష్టించినవారు మాత్రము దానిని అనుభవింపలేకపోయిరి. బ్రిటిషువారికిని, ఫ్రెంచివారికిని జరిగిన పోరాటములో, బ్రిటిషు ప్రభుత్వమునకు సంపూర్ణవిధేయత ప్రమాణము చేయలేదను కారణమున, 1755లో అకేడియనులను నౌకలకెక్కించి దేశాంతరములకు పంపివేసిరి. కుటుంబములు చెదరిపోయెను; గ్రామములు కాల్చబడెను. అమెరికా కవి లాంగ్‌ఫెలో 1847లో ప్రకటించిన ‘ఎవాంజెలిన్’ కావ్యమునకు ఈ విషాదగాథయే ఆధారము. వారు పోయిన నాలుగేండ్లకు, 1759 నవంబరులో, గొప్ప తుపాను వచ్చి కట్టలు తెగిపోయెను. క్రొత్తగా వచ్చిన రైతులకు వాటిని బాగుచేయు విద్య తెలియదు. ఖైదులో మిగిలియున్న అకేడియనులనే పిలిపించి ఆ కట్టలను బాగుచేయించిరి. ఏ చేతులను ఆ నేలనుండి తరిమివేసిరో, ఆ చేతులే మరల కావలసివచ్చినవి.

కట్టలు ఎంత గట్టివైనను సముద్రమునకు హద్దు లేదని 1869లో మరల తెలియవచ్చెను. స్టీఫెన్ సాక్స్‌బీ అను బ్రిటిషు నౌకాదళపు టధికారి, 1869 అక్టోబరు 5వ తేదీన చంద్రుడు భూమికి మిక్కిలి దగ్గరగా వచ్చుననియు, ఆనాటి పోటు అసాధారణముగా నుండుననియు, తుపాను కూడ రావచ్చుననియు ముందటి సంవత్సరమే లండను పత్రికలో వ్రాసెను. చంద్రుడే తుపానులను కలిగించునను ఆయన సిద్ధాంతమును శాస్త్రజ్ఞు లంగీకరింపలేదు. పోటు విషయమున మాత్రము ఆయన లెక్క సరియైనది. దైవికముగా ఆ రాత్రి నిజముగనే పెద్ద తుపాను అఖాతమును తాకెను. తాకిన వేళ సరిగా పోటువేళ. కట్టలు మునిగి, పొలములు ఉప్పునీటి పాలయ్యెను, పశువులు కొట్టుకొనిపోయెను. ఆ గాలివాన ఆటువేళ వచ్చియున్నచో ఇంత నష్టము జరుగకపోయెడిది. ఇచ్చట మేలునకును కీడునకును వేళయే ప్రధానము.

అఖాతపు తూర్పుకొమ్మల యొడ్డున మరి రెండు వింతలు కలవు. మొదటిది జాగిన్స్ కొండచరియ. పోటునీరు దీని అడుగును కోయుచుండుటచే, 30 కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవి శిలారూపమున కొంచెము కొంచెముగా బయటపడుచున్నది. నిలిచిన చెట్ల మొదళ్ళు నిలిచినట్లే రాయియై యున్నవి. 1852లో చార్లెస్ లయల్, విలియం డాసన్ అను శాస్త్రజ్ఞులు అట్టి యొక మొదలులో పురాతన జంతువుల ఎముకలను కనుగొనిరి. హైలోనోమస్ అను చిన్న బల్లివంటి ప్రాణి అస్థులు ఇచ్చటనే దొరకినవి. అస్థులు లభించిన సరీసృపములలో మిక్కిలి ప్రాచీనమైన వాటిలో అది యొకటి. రెండవది బర్న్ట్‌కోట్ అగ్రము. ఎత్తైన పోటు లెక్కకు వచ్చినది ఈ చోటనే. ఆటువేళ ఇచ్చటి ఎఱ్ఱని సముద్రపు నేలపై పిల్లలు గుంటలలోని పీతలను చూచుచు తిరుగుదురు. మరి కొన్ని గంటలకు అదే చోట అయిదంతస్తుల లోతు నీరు నిలుచును.

ఇంత బలమును వినియోగింపవలెనను కోరిక కలుగుట సహజము. 1984లో అనాపొలిస్ రాయల్ అను పట్టణమున పోటునుండి విద్యుచ్ఛక్తిని తీయు కేంద్రము 20 మెగావాట్ల శక్తితో పనిచేయ నారంభించెను. చేపలకు కలుగు హానిని గూర్చిన ఆందోళనలు వచ్చినవి. 2019లో అది ఆగిపోయెను. 2009లో అఖాతపు అడుగున దింపిన మరియొక యంత్రచక్రపు రెక్కలను ప్రవాహము కొలది దినములలోనే విరుగగొట్టెను. ప్రయత్నములు ఇంకను సాగుచున్నవి. శక్తి యున్నదని యందరును ఎరుగుదురు; దానిని అపకారము లేకుండ వాడుకొను ఉపాయమే ఇంకను దొరకవలసియున్నది.

అనాపొలిస్‌కు పడమటనున్న డిగ్బీ రేవునుండి కార్లనుకూడ ఎక్కించుకొను పెద్ద ఓడ అఖాతమును దాటి సెయింట్ జాన్ చేరును. ఆ ఓడపై నిలిచి వెనుకకు చూచు యాత్రికునకు, తాను చుట్టివచ్చిన తీరమంతయు ఒక గొప్ప గడియారమువలె తోచును. దాని ముల్లు చంద్రుడు. దీవికి పోవు బాట, కనుమ దాటు పడవ, బురదపై కూర్చున్న చేపల నావ, ఒడ్డున విశ్రమించు ఉల్లంకి, కట్ట అడుగున కదలు కొయ్యతలుపు — ఇవన్నియు ఆ గడియారము ననుసరించి మెలగునవియే. దానిని కాదని కట్టిన కట్టను జనులే తొలగింపవలసివచ్చినది. దాని నెరిగి అకేడియను రైతులు కట్టిన కట్టలు మూడువందల యేండ్లుగా పొలములను కాపాడుచున్నవి.

సముద్రము ఎవరికొరకును ఆగదు. కాని అది వేళ తప్పదు. ఎవరు దాని వేళ తెలిసికొందురో వారికి దినమునకు రెండుమారులు దారి యిచ్చుచునే యుండును.